దూది తడిసేదాకా

పోయిన వారం మనం నికోరాని అతని ట్రక్కులోనే, స్టీరింగ్ మీద తల వాల్చుకున్నవాణ్ణి వాల్చుకున్నట్టే వదిలేసి వచ్చేశాం. యాభై రెండేళ్ళ మనిషిని వారం రోజులు అలా కూర్చోబెట్టడం ఏం న్యాయం? ముందు అతన్ని లేపుదాం.

లేపేలోగా, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. నికోరా ముప్ఫై నాలుగేళ్ళుగా షెడ్లు తిరిగి గొర్రెల ఉన్ని కత్తిరించే మనిషి. భార్య హూరియా ఊపిరితిత్తులు చెడిపోయి కన్నుమూసింది. ఆఖరి నెలలో కూడా ఆమె చేతిలో పొగాకు సంచీ ఉండేది. ఏడాది తిరిగాక, సమాధి రాయి మీద కప్పిన గుడ్డ తీసిన రోజున, కూతురు రిపెకా ఆ రాయి మీద తండ్రి చెయ్యి పెట్టించి "ఇక సిగరెట్ ముట్టను" అని మాట తీసుకుంది. ఇంకో పదకొండు రోజుల్లో రిపెకా ఉదయం ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిది గంటల పనిలో, ఇప్పటివరకు ఏ ఆడమనిషీ అందుకోని గొర్రెల లెక్కని దాటబోతోంది. ఆ రోజు ఆమె పక్కన నిలబడి కట్టర్లు అందించి, నీళ్ళు పట్టించి, వేగం ఎంతుందో చెప్పాల్సినవాడు నికోరా. కూతురికి కత్తిరింపు నేర్పినవాడు, అంతకన్నా పెద్ద రోజు తన బతుకులో రాదని తెలిసినవాడు.

కానీ శుక్రవారం రిపెకా తండ్రి కోటు వాసన చూసింది. కాలిన వాసన. దానికి తోడు వారం నుంచి తగ్గని దగ్గు. "అమ్మ రాయి మీద చెయ్యిపెట్టి అబద్ధం ఆడావు నాన్నా" అంది, జట్టు మొత్తం వింటుండగా. ఆ సాయంత్రమే మేనమామ మోరెహుకి ఫోన్ చేసి, పెద్ద రోజున నా పక్కన నువ్వు నిలబడు మామా అని అడిగేసింది.

నికోరా సిగరెట్ ముట్టలేదు. నలభై ఒక్క రోజులుగా ముట్టలేదు. ఆ మాట ఎవరితో చెప్పినా తల ఊపి పక్కకి చూస్తున్నారు.

సోమవారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. తడి గొర్రెని కత్తిరిస్తే మనిషికి జబ్బు, మూట కట్టిన ఉన్నికి తెగులు. అందుకని వాన పడిన రోజున షెడ్డులో ఒక్కొక్కరూ రెండేసి గొర్రెల్ని కత్తిరించి చూసి, చీటీ మీద తడి అనో పొడి అనో రాసి టోపీలో పడేస్తారు. ఎక్కువమంది మాటే చెల్లుతుంది. ఆ రోజు ఐదు చీటీలు తడి అన్నాయి, రెండు పొడి అన్నాయి. ఒక పొడి చీటీ రిపెకాదని అందరికీ తెలుసు. చీటీలు లెక్కపెడుతున్నంతసేపూ రిపెకా గోడకి ఆనుకుని చిన్న కత్తితో యాపిల్ చెక్కు తీసుకుంటూ తండ్రి ఉన్న వైపు తప్ప అన్ని వైపులా చూసింది. లెక్క తేలగానే, ఇంటికెళ్ళి కట్టర్లు సాన పడతానని ఎవరికీ కాని మాట ఒకటి అనేసి వెళ్ళిపోయింది.

రెండో పొడి చీటీ నికోరాది. పని ఉంటే కూతురి పక్కన, కత్తిరించే స్టాండులోనైనా ఉండొచ్చు కదా అని వేశాడు. అది చెల్లలేదు గనక ట్రక్కు ఎక్కి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. అక్కడే మనం అతన్ని వదిలాం. ఇప్పుడు తలెత్తి, కోటు జేబులోంచి ఆవిరి గొట్టం తీసి చూశాడు. సిగరెట్ మానడానికి నలభై ఒక్క రోజులుగా అతను పట్టుకున్న కర్ర ఇదే. ఒక దమ్ము లాగాడు. గొంతులో నిప్పుకణిక పడినట్టయింది. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "నీ సంగతేంటో తేల్చుకుంటా పద" అని దానితోనే చెప్పి, విన్‌టన్ దారి పట్టాడు.

విన్‌టన్‌లో ఇలాంటి గొట్టాలమ్మే వేప్ షాపు నడిపే గ్లెనిస్ గురించి చెప్పాలంటే ముందు పళ్ళ గురించి చెప్పాలి. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళ ఆ మనిషి, ముప్ఫై ఏళ్ళపాటు మా చుట్టుపక్కల బళ్ళన్నిటికీ పళ్ళ నర్సు. ఈ ప్రాంతంలో నలభై దాటినవాళ్ళెవరి నోరు తెరిచినా వెనక పళ్ళలో ఆవిడ పనితనం మెరుస్తుంది. పళ్ళ గది మూతబడ్డాక ఇంట్లో కూర్చోలేక ఈ కొట్టు పెట్టింది. తెల్ల కోటు మాత్రం మానలేదు. ఎనభై కిలోల గొర్రెని ఒక్క చేత్తో మలిపి కూర్చోబెట్టే నికోరా, ఆ కొట్టు తలుపు దగ్గర నిలబడి కాళ్ళు తుడుచుకుంటూనే ఉండిపోయాడు. నాలుక దానంతటదే వెళ్ళి వెనక దంతాన్ని తడుముకుంది.

"లోపలికి రావోయ్, వాన కొడుతోంది" అంది గ్లెనిస్ తలెత్తకుండానే. "పన్ను పీకను. ఆ సామాన్లన్నీ ఎప్పుడో పట్టుకుపోయారు."

"ఇదండీ నర్సమ్మా..." నికోరా గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. "ఇది నా పరువు తీసింది. సిగరెట్ మానేశానని చెప్పుకు తిరుగుతుంటే నా ఒళ్ళంతా కాలిన కంపు. దగ్గు. మా అమ్మాయి నేను దొంగచాటుగా తాగుతున్నానంటోంది."

"తాగుతున్నావా?"

"లేదు."

ఆవిడ కళ్ళద్దాల మీంచి అతని మొహంలోకి చూసింది. పళ్ళు తోముకున్నావా అని అడిగినప్పుడు కూడా అలాగే చూసేది. ఆ చూపు ముందు ఎనిమిదేళ్ళప్పుడు అబద్ధం ఆడలేకపోయాడు, ఇప్పుడు అసలు ఆడాల్సిన పనే లేదు. "సరే, తాగట్లేదు" అని ఒప్పుకుంది గ్లెనిస్. నలభై ఒక్క రోజుల్లో అతన్ని మొదటిసారి నమ్మిన మనిషి ఆవిడే. నికోరా పక్కనున్న సీసాల పేర్లు చదువుతున్నట్టు నటించాడు.

ఆవిడ గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. కింద బ్యాటరీ డబ్బా, దాని మీద గాజు ట్యాంకు, ట్యాంకు అడుగున నీలం రింగు. ఆ రింగు దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఇది నీకెక్కడిది?"

"ఇంట్లో ఉంది."

గ్లెనిస్ కాగితం రుమాలు పరిచి, బ్యాటరీ నుంచి ట్యాంకుని విడదీసి, అడుగు మర తిప్పబోయింది. అది కదలలేదు. రబ్బరు తొడుగు వేసుకుని తిప్పినా కదలలేదు.

"దేంతో బిగించావ్?"

"రెంచీతో. కారకుండా ఉండాలని."

"రెంచీతో!" గ్లెనిస్ గోడకేసి చూసి ఒక్క నిట్టూర్పు విడిచింది. "ఇది గోరంత వస్తువురా అబ్బాయ్. వేళ్ళతో బిగించి, ఇక చాలనిపించిన చోట ఆగాలి. అంతకుమించితే లోపలి రింగు నలిగిపోతుంది. నలిగితే కారుతుంది. కారుతోందని నువ్వు మళ్ళీ రెంచీ తీస్తావు."

"తీశాను" అన్నాడు నికోరా చిన్న గొంతుతో.

ఎలాగో ఊడింది. అడుగు నుంచి చిటికెన వేలి గోరంత కాయిల్ బయటికి లాగి, దీపం కింద పెట్టింది. లోపల తీగ చుట్టూ ఉండాల్సిన తెల్ల దూది బొగ్గయి ఉంది. నికోరా ముక్కు దగ్గర పెట్టుకుని అదిరిపడ్డాడు.

"ఇదే! ఇదే ఆ కంపు! నా కోటులో ఉన్నదిదే!"

"దూది కాలిన వాసన. పొగాకుది కాదు. రెండూ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలుస్తుంది, కోటుకి పట్టాక మాత్రం తెలీదు." ఆవిడ మాట్లాడుతూనే బొటనవేలు, చూపుడు వేలు కలిపి రాసి చూసుకుంటోంది. "ఇదేంటి ఈ జిడ్డు?"

"ఆయిలు."

"ఏ ఆయిలు?"

"హ్యాండ్‌పీసు ఆయిలు" అన్నాడు నికోరా. ఈ ఒక్క విషయంలో మాత్రం తన తప్పేమీ లేదన్న ధీమా అతనిది. "రోజూ పొద్దున్నే రింగులకి ఒక చుక్క, మరకి ఒక చుక్క. ఒక్క రోజు మానలేదు. ఎవరి సామాను వాళ్ళు చూసుకోకపోతే ఎలా?"

ఉన్ని కత్తిరించేవాడి చేతిలో ఉండే, దువ్వెన లాంటి కోంబూ దాని మీద ఆడే కట్టరూ తొడిగే యంత్రమే హ్యాండ్‌పీసు. దానికి గంటగంటకీ నూనె పడాలి. ముప్ఫై నాలుగేళ్ళు ఆ అలవాటులో నడిచిన చెయ్యి, ఏ ఇనప వస్తువు దొరికినా ముందు నూనె డబ్బా కోసం వెతుకుతుంది. మా వైపు కత్తిరింపు వాళ్ళింట్లో తలుపు బందులు కిర్రుమనవు, కుట్టు మిషన్లు మొరాయించవు. కానీ ఊపిరి పీల్చే గొట్టానికి నూనె పోసినవాణ్ణి గ్లెనిస్ ఇదే మొదటిసారి చూస్తోంది. ఆవిడ నవ్వలేదు. నవ్వకపోవడం చూసి నికోరాకి భయమేసింది.

"నూనె ఆవిరితో కలిసి నీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోయింది తిరిగి రాదు. లోపల అంటుకుని కూర్చుంటుంది. దగ్గు అందుకే." మాట పూర్తి చేస్తూనే ఫోన్ తీసుకుని ఆసుపత్రికి చేసింది. అవతల మాట్లాడింది కూడా ఒకప్పుడు ఆవిడ కుర్చీలో నోరు తెరిచిన మనిషే కాబోలు, మూడున్నరకి రమ్మన్నారు. "వెళ్ళి అంతా చెప్పు. ఆయిలు సంగతి దాచకు. సిగ్గుపడతావని నాకు తెలుసు, అందుకే చెబుతున్నా."

"వెళ్తానమ్మా."

"సరే, ఇటు రా. చేతులు కడుక్కో."

తర్వాత అరగంట నికోరా మళ్ళీ బళ్ళో పిల్లాడయ్యాడు. గోరువెచ్చని నీళ్ళలో గాజు, మూత, అడుగు విడివిడిగా నానేశారు. మామూలుగా ఉత్త నీళ్ళు చాలు, ఇవాళ నూనె వదలాలి గనక ఒక్క చుక్క సబ్బు అంది గ్లెనిస్. మెత్తటి పళ్ళ బ్రష్షుతో మరల సందులు తోమించింది. ("గుండ్రంగా తిప్పు. అడ్డంగా గీకకు. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?" నలభై నాలుగేళ్ళ కిందటి మాట ఇప్పుడూ అదే.) సబ్బు వాసన పోయేదాకా మూడుసార్లు కడిగించి, పోగులు రాలని గుడ్డతో తుడిపించి, పూర్వం పళ్ళ మీద గాలి కొట్టిన రబ్బరు బుడ్డితో మూలలన్నీ ఆరబెట్టించింది. నూనె తాగిన పాత రింగులు చెత్తబుట్టలో పడ్డాయి. కొత్త రింగులకి, లోపల పోసే ఆ ద్రవాన్నే వేలికొసతో తడి చేసి తొడిగింది. "ఇదే దీనికి నూనె. ఇంకేదీ కాదు."

ఆ పాత రకం కాయిల్ దొరకడం కష్టం, ట్యాంకుతోబాటు ఇంట్లో దొరికిన వాటిలో ఆఖరిది ఇప్పుడు మాడింది. గ్లెనిస్ సొరుగు అడుగు నుంచి ఒక అట్టపెట్టె తీసింది, దుమ్ము పట్టి ఉంది. ఎవరి కోసమో దాచినట్టు.

"ఈ పక్కన చిన్న కిటికీల్లా ఉన్నాయి చూడు. లోపల తెల్లగా కనిపించేది దూది. ఒక్కో కిటికీకి ఒక చుక్క. పైనుంచి రెండు. ముంచెయ్యకు, తడుపు. ఊఁ. ఇప్పుడు వేళ్ళతో బిగించు. చాలు. చాలన్నానా! ఇక ట్యాంకు వాల్చి, గాజు గోడ వెంబడి పొయ్యి. మధ్య గొట్టంలో పడిందా, నీ నోట్లోకే వస్తుంది. పైన కాస్త ఖాళీ ఉంచు. మూత పెట్టు."

పెట్టాడు. వేలు బ్యాటరీ మీట మీదికి పోయింది. గ్లెనిస్ ఆ వేలి మీద ఠపీమని ఒకటిచ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలి మరి?" అన్నాడు వేలు రుద్దుకుంటూ.

"ఏమీ చెయ్యవు. కూర్చుంటావు."

కౌంటరు మీద ఇసుక గడియారం ఒకటి పెట్టింది. పన్ను ఆకారంలో ఉంది. పిల్లలు మూడు నిమిషాలు పళ్ళు తోముకోవడానికి పెట్టిన గడియారం అది. "దీన్ని మూడుసార్లు తిప్పాలి. ఆ తర్వాత ఒక నిమిషం నా తృప్తి కోసం. అంతదాకా దూది లోపలికంటా తడవదు. తడవకుండా నొక్కితే తీగ వేడికి దూది మాడుతుంది. ఒక్కసారి మాడిందా, ఇక ఎంత తడిపినా ఆ కంపు వదలదు."

మొదటి ఇసుక రాలసాగింది. ఊరికే కూర్చోవడం నికోరాకి చేతకాదు. మోకాళ్ళు ఊపాడు. సీసాలు లెక్కపెట్టాడు.

రెండోసారి తిప్పుతూ గ్లెనిస్ అడిగింది. "షెడ్డులో ఎప్పుడు నింపుతావు దీన్ని?"

"స్మోకోలో. అరగంటేగా విరామం. టీ తాగి, మాంసం ముక్క నోట్లో వేసుకుని, నడుం వాల్చి, లేచేటప్పుడు కాయిల్ మార్చి నింపి, ఒక దమ్ము లాగి స్టాండుకి పోతా."

"నింపగానే?"

"నింపగానే."

"కట్టరు ఎప్పుడు మారుస్తావు?"

"గంట కొట్టకముందే. గొర్రె కాళ్ళ మధ్యకొచ్చాక కట్టరు వెతుక్కునేవాడు మా జట్టులో..." నికోరా అక్కడ ఆగిపోయాడు. మొహం మెల్లగా ఎర్రబడింది. గ్లెనిస్ ఆ మాట పూర్తి చెయ్యమనలేదు. ఇంకేమీ వివరించలేదు కూడా.

"పొద్దున ఇంట్లోనే మార్చుకోవాలి" అన్నాడు తనే కాసేపటికి. "నేను టీ పెట్టుకునేలోపు తడుస్తుంది."

"పదిరోజులకో కొత్త కాయిల్. రుచి మారిందనిపిస్తే ఇంకా ముందే. నిలబెట్టి ఉంచు, పడుకోబెట్టకు. ఎండలో ట్రక్కులో వదలకు. దమ్ముకి దమ్ముకి మధ్య నువ్వూ ఊపిరి తీసుకో, దాన్నీ తీసుకోనివ్వు."

మూడోసారి గడియారం తిప్పింది గాని, దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"నికోరా, ఈ ట్యాంకు అమ్మింది నేనే. హూరియాకి."

అతను తలెత్తాడు.

"రెండు చలికాలాల కిందట. శుక్రవారం మధ్యాహ్నం. మ్యాచ్ రోజు, కొట్టులో తలుపు దాకా జనం. షెడ్డు కోటుతోనే వచ్చింది. మానెయ్యాలనుకుంటున్నానంది. ఈ నీలం రింగుది ఏరుకుంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, 'ఇంతేనా, ఇంకేమైనా చెయ్యాలా?' అని అడిగింది. నేను వేరేవాళ్ళకి చిల్లర ఇస్తూ, 'అంతేనమ్మా, నింపి నొక్కడమే' అన్నా."

నికోరా నీలం రింగు వైపే చూస్తున్నాడు.

"ఈ కిటికీలోంచే చూశా. ట్రక్కులో కూర్చుని నింపింది, నొక్కింది. ఒక్క దమ్ము. వంగిపోయి దగ్గింది. దాన్ని కాసేపు చూసి, విసిరెయ్యలేదు, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంది. తర్వాత ఆకుపచ్చ సంచీ తీసి సిగరెట్ చుట్టుకుంది. నేను బయటికెళ్ళి చెప్పుండాల్సింది. జనం ఉన్నారని వెళ్ళలేదు. మళ్ళీ ఆవిడ రాలేదు." గ్లెనిస్ చెయ్యి గడియారం మీదే ఉంది. "ఆ రోజు నుంచీ ఈ పది నిమిషాలు కూర్చోకుండా ఎవర్నీ ఈ కొట్టులోంచి బయటికి పోనివ్వలేదు. మ్యాచ్ ఉన్నా సరే."

నికోరాకి కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. లేచి ఆ సీసాలన్నీ కింద పడేయాలన్నంత కోపం. హూరియా మానాలనుకుందని అతనికి తెలీనే తెలీదు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ప్రయత్నించి, ఓడిపోయి, ఓడిపోయానని కూడా చెప్పకుండా ఇంటికొచ్చి వంట చేసింది. ఆ సాయంత్రం తనేం చేస్తున్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మ్యాచ్ చూస్తుండి ఉంటాడు.

సంవత్సరీకం అయ్యాక హూరియా ఫోటో కింద సొరుగు తెరిచింది తనే. రుమాల్లో చుట్టిన ఈ ట్యాంకు అందులోనే దొరికింది. పక్కన ఆకుపచ్చ పొగాకు సంచీ ఉంది. పొగాకు ఎండిపోకుండా హూరియా అందులో యాపిల్ చెక్కు పడేసేది, రెండు రోజులకోసారి మార్చేది. అందుకని ఆ సొరుగంతా యాపిల్ వాసన వేసేది. తను ట్యాంకు తీసుకుని సంచీ వదిలేశాడు. నాలుగు రోజులకి మళ్ళీ చూస్తే సంచీ లేదు. అమ్మ వస్తువని రిపెకా తీసుకెళ్ళి రాయి దగ్గర పాతిపెట్టి ఉంటుందనుకున్నాడు. మంచి పనే చేసిందనుకుని అడగలేదు.

"మీరు చంపలేదు నర్సమ్మా" అన్నాడు చివరికి. "దానికి అప్పటికే ముదిరిపోయిందన్నారు డాక్టర్లు. కానీ ఆ పది నిమిషాలు చెప్పుంటే బాగుండేది."

"బాగుండేది" అంది గ్లెనిస్. ఇద్దరికీ ఆ మాట సరిపోయింది.

తృప్తి నిమిషం కూడా అయ్యాక, మీట నొక్కకుండా రెండుసార్లు ఉత్తి దమ్ము లాగించింది. బ్యాటరీ వేడి అన్నిటికన్నా తక్కువలో పెట్టింది. "సిగరెట్‌ని గుంజినట్టు గుంజకు. వేడి టీ చప్పరించినట్టు, నెమ్మదిగా."

నికోరా నొక్కాడు, చప్పరించాడు. ఆగాడు. మళ్ళీ చప్పరించాడు.

"ఎలా ఉంది?"

"కాలట్లేదు" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

మాడిన కాయిల్‌ని గ్లెనిస్ చిన్న కాగితపు కవరులో వేసి ఇచ్చింది. పిల్లలు ఊడిన పాలపళ్ళు ఇంటికి తీసుకెళ్ళే కవరు అది, మీద నవ్వుతున్న పన్ను బొమ్మ. "మీ అమ్మాయికి ఇవ్వు. ముక్కుందిగా, అదే చెబుతుంది."

ఆసుపత్రిలో నర్సు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. ఆయిలు మాట వినగానే ఆమె కనుబొమ్మలు పైకి లేచి చాలాసేపు దిగలేదు. ఎడమ పక్క కింద కాస్త గరగర ఉంది, గురువారం ఎక్స్‌రే తీద్దాం, ఈలోపు ఆవిరి గొట్టం కూడా తగ్గించి వాడమంది. నికోరా అన్నిటికీ సరేనన్నాడు. అతని ప్రాణం అంతా చొక్కా జేబులోని కవరు మీదే ఉంది.

ఇంటి వెనక సాన గదిలో గ్రైండరు తిరుగుతోంది. రిపెకా వంగి కట్టరు పట్టుకుని ఉంది, నిప్పురవ్వలు గోడకి కొడుతున్నాయి. తండ్రి వచ్చాడని తెలిసినా తిరగలేదు. నికోరా వెళ్ళి కవరు ఆమె మోచేతి పక్కన పెట్టాడు.

"ఏంటిది? పన్ను ఊడిందా?"

"వాసన చూడు."

"నాకు పనుంది నాన్నా."

"నలభై ఒక్క రోజులు నీ మాట మీద ఉన్నా. నువ్వు ఒక్క క్షణం నా మాట మీద వాసన చూడలేవా?"

రిపెకా గ్రైండరు ఆపకుండానే కవరు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ పిల్ల భుజాలు బిగుసుకుపోయాయి. మళ్ళీ చూసింది. ఈసారి కళ్ళు మూసుకుని.

"దూది" అన్నాడు నికోరా. "మాడిన దూది. తడవకముందే నొక్కాను. ఎవరూ చెప్పలేదు. మీ అమ్మక్కూడా ఎవరూ చెప్పలేదు." మొత్తం చెప్పాడు. కొట్టు, నీలం రింగు, మ్యాచ్ రోజు, రుమాలు. రెంచీ సంగతి చెప్పాడు. ఆయిలు సంగతి దగ్గర కాస్త ఆగి, అదీ చెప్పాడు.

"హ్యాండ్‌పీసు ఆయిలా?" రిపెకా గిరుక్కున తిరిగింది. "నాన్నా! హ్యాండ్‌పీసు ఆయిలా! కోంబు కూడా తొడగకపోయావా, దాంతోనే రెండు గొర్రెల్ని కత్తిరించేవాళ్ళం!" నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఇద్దరికీ తెలీలేదు. నికోరా ఆమె తలని భుజానికి ఆనించుకున్నాడు. ఇనప పొడి, గొర్రె కొవ్వు, చెమట, అన్నీ కలిసిన పిల్ల.

"అందరి ముందు అన్నావు" అన్నాడు మెల్లగా. అనకూడదనుకున్నాడు గాని, నొప్పి అలాగే ఉంది.

"అందరి ముందే వెనక్కి తీసుకుంటా. రేపు స్మోకోలో. మోరెహు మామకి ఇప్పుడే ఫోన్ చేస్తా." అతని చొక్కాకే మొహం తుడుచుకుంది. కళ్ళలోకి మాత్రం చూడలేదు. "ఆ కంపు నాకు ఎక్కడికెళ్ళినా వస్తోంది నాన్నా. అది నీదేననుకున్నా. నీదే అయ్యుండాలనుకున్నా."

ఆ ఆఖరి మాట ఏంటో నికోరాకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తొందరా లేదు. పదకొండు రోజుల్లో కూతురి పక్కన నిలబడబోతున్నాడు. అంత సంతోషంలో ఉన్న మనిషికి చిన్న మాటలు తగలవు.

"ఈ ఒక్క కట్టరు అవగొట్టేస్తా" అని రిపెకా మళ్ళీ గ్రైండరు వైపు తిరిగింది. "చేతులు చూడు, నల్లగా. ఆ పెట్టెలోంచి గుడ్డ ఒకటి తీసివ్వవా? నా పెట్టెలోంచి కాదు, ఆ బల్ల కింద..."

గ్రైండరు చప్పుడులో 'కాదు' అతనికి చేరలేదు. ఆమె పెట్టె మూత అప్పటికే తీశాడు. పెద్ద రోజు కోసం సిద్ధం చేసుకున్న పెట్టె అది. కోంబులు గుడ్డల్లో చుట్టి, కట్టర్లు వరసగా పేర్చి ఉన్నాయి. తను నేర్పినట్టే ఉందని మురిసిపోతూ పైగుడ్డ ఎత్తాడు. అడుగున ఆకుపచ్చ సంచీ.

హూరియాది. నికోరా మొహం విప్పారింది. పాతిపెట్టలేదన్నమాట, అమ్మని తనతో పెద్ద రోజు దాకా తీసుకెళ్దామని దాచుకుంది పిచ్చితల్లి. ఆమె వాసన ఒక్కసారి తగిలితే చాలనుకుని సంచీ మడత విప్పాడు.

ఏడాది దాటిన పొగాకు పొడి పొడి అయిపోయి ఉండాలి. ఇది కొత్తది, మెత్తగా, చెమ్మగా వేళ్ళకి అంటుకుంది. మీద యాపిల్ చెక్కు ముక్క ఒకటి ఉంది. ఎర్రగా ఉంది. లోపలి వైపు అంచులు ఇంకా పూర్తిగా నల్లబడలేదు. పొద్దున చీటీలు లెక్కపెడుతున్నప్పుడు తీసిన చెక్కు అది.

"నాన్నా, దొరికిందా?" అంది రిపెకా వెనక్కి తిరక్కుండా.

నికోరా ఉన్ని మూట మీద కూర్చున్నాడు. అరవాలనీ లేదు, అడగాలనీ లేదు. శుక్రవారం నుంచి తను పడ్డదంతా గుర్తొచ్చింది. అబద్ధం ఆడావన్న ఆ ఒక్క మాట అందరి ముందు అనిపించుకున్నవాడికి, ఇంకొకరిని అనడం అంత తేలిక కాదు.

సంచీని మళ్ళీ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దొరికింది తల్లీ" అన్నాడు.

గ్రైండరు ఆగిపోయింది.